పాత టాటామొబైల్, ఉప్పుతో పంచాయితీ

ఏప్రిల్ 14

బండి షెడ్డులోంచి బయటికి తీశాం. తీశాం అంటే తోశాం. నేను, మా మేనల్లుడు, పక్క రొయ్యల చెరువు దగ్గర కాపలా కుర్రాళ్లు ఇద్దరు. వెనక బ్రేకులు పట్టేసి ఉన్నాయి. డ్రమ్ముల మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే గాని చక్రం తిరగలేదు. సీటు కింద కోడి ఒకటి పొదుగుతోంది. దాన్ని లేపినందుకు అమ్మ చేత తిట్లు తిన్నాను.

బండి సంగతి చెప్పాలి. టాటామొబైల్ 207, 1995 మోడల్, ఏపీ 5 నంబరు. టాటా వాళ్లు ఈ పికప్‌ని 1988లో దించారు. అప్పటికింకా కంపెనీ పేరు టెల్కోనే, టాటా మోటార్స్ అయింది 2003లో. రోడ్ల మీద ఇప్పటికీ కనిపించే 207 డీఐకి ఇది అన్నయ్య. 1948 సీసీ డీజిల్ ఇంజను, పొద్దున్నే తాళం సగం తిప్పి హీటర్ ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగాలి. ఆగకపోతే ఊరంతా పొగే. 1991లో వచ్చిన సియెరా, ఆ తర్వాత ఎస్టేట్ పుట్టింది ఈ బండి కుదురులోంచే. సియెరా అంటే ఇప్పుడు కుర్రాళ్లు ఎగబడుతున్నారు. దాని అమ్మను మాత్రం ఎవరూ పట్టించుకోరు.

1996 నవంబరు తుఫానుకి కోనసీమలో కొబ్బరి తోటలు చాప చుట్టినట్టు పడిపోయాయి. ఆ మొద్దులు తోలడానికని మరుసటి ఏడు నాన్నగారు దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మొద్దులయ్యాక కాయ తోలారు. కాయ తర్వాత రొయ్య. ఐసు, మేత బస్తాలు, పట్టుబడి రోజున నీళ్లు కారే ట్రేలు. బండిని చంపింది ఈ చివరిదే.

లక్ష్యం: వచ్చే కనుమకి జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం జాతర దాకా సొంత ఇంజనుతో నడిపించుకు వెళ్లడం. నలుగురూ చూడాలి. దాపరికం ఎందుకు, చూపించుకోవడానికే ఇదంతా.

ఏప్రిల్ 20

మేనల్లుడు ఫోనులో అమెరికా వాళ్ల వీడియోలు చూపిస్తున్నాడు. 1967–72 నాటి షెవర్లే సీ10 పికప్‌లట. స్ప్రింగుల చోట గాలి తిత్తులు (ఎయిర్ బ్యాగులు) పెట్టి తొట్టి నేలకి ఆనేదాకా దించేస్తారు, మీట నొక్కితే మళ్లీ లేస్తుంది. "మావయ్యా, మనదీ ఇలా దించేద్దాం" అంటాడు. వాళ్ల రోడ్డు వాళ్లది. మా ఇంటి ముందు పుంతలో వానాకాలం ఎద్దుల బండే ఇరుసు దాకా దిగిపోతుంది. బండిని మేం దించక్కర్లేదు, పుంతే దించేస్తుంది.

పైగా కంపెనీ ఇచ్చిన కొలతలు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఎనిమిదేళ్లు దాటిన గూడ్స్ బండికి ఏటేటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. ఎత్తు తగ్గించి, ఎల్ఈడీ బార్లు బిగించి తీసుకెళ్తే ఇన్‌స్పెక్టరు గేటు దగ్గరే వెనక్కి పంపుతాడు. నా లెక్కలో ముస్తాబు అంటే బండి కొత్తలో ఎలా ఉండేదో అంతకంటే ఒక పిసరు బాగుండటం. వాడికి నచ్చలేదు. వాడికి పంతొమ్మిదేళ్లు.

ఏప్రిల్ 28

రాజోలు నుంచి టింకరి మేస్త్రి గారు వచ్చారు. చేతిలో సామాను ఏమీ లేదు, ఒక స్క్రూడ్రైవరు, పాత స్పీకర్లోంచి ఊడబీకిన అయస్కాంతం. స్క్రూడ్రైవర్ పిడితో తొట్టి చుట్టూ తట్టుకుంటూ నడిచారు. ఇనుము ఉన్నచోట టంగ్ మంటుంది, లప్పం ఉన్నచోట డొబ్బు మంటుంది. ఎడమ వెనక చక్రం పైన అన్నీ డొబ్బులే. అయస్కాంతం పెడితే జారి కింద పడింది. మొన ఆనించి చిన్నగా నొక్కారంతే, అరచేయంత లప్పం పెచ్చు ఊడి వచ్చింది. మందం నా బొటనవేలంత. దాని వెనక రేకే లేదు, ఎప్పుడో కుక్కిన గోనెసంచి పీలిక ఉంది.

"ఇది బండి కాదండీ. లప్పం ముద్దకి నాలుగు చక్రాలు పెట్టారు. ఆయ్."

అసలు చూడవలసింది కింద ఉందని చెప్పి చాసీ కిందకి దూరారు. పెట్టెలా ఉండే చాసీ కమ్మీలకి అడుగున నీళ్లు దిగడానికి కన్నాలుంటాయి. అవన్నీ పూడిపోయి ఉన్నాయి. తీగ పెట్టి కెలికితే ఎండిన బురద, దానితోపాటు రొయ్య పొట్టు, మీసాలు రాలాయి. మా బండి రొయ్యలు తోలడం మానేసి ఆరేళ్లయింది. ఆరేళ్లుగా ఉప్పు బురద ఆ పెట్టెలో ఊరుతూ కూర్చుందన్నమాట.

మేస్త్రి గారి తీర్పు: రెండు పొడుగు కమ్మీలు గట్టివే. వెనక అడ్డకమ్మీ పోయింది. తొట్టి అడుగు మొత్తం పోయింది. క్యాబిన్ ఫుట్‌బోర్డులు రెండూ పోయాయి. "పని ఉందండీ, కానీ ఉంది" అన్నారు. రెండో 'ఉంది' బండి గురించి అనుకుంటాను.

మే 9

తొట్టి దించేశాం. అడుగు రేకు కత్తిరించాం. ఎర్రటి ఎండ, వైరు బ్రష్షు బిగించిన గ్రైండరుతో వారం రోజులు చాసీ గీకాను. తెల్లగా మెరిసేదాకా గీకి, బోరు వేసుకుని పైపుతో శుభ్రంగా కడిగి, మర్నాడు రెడ్ ఆక్సైడ్ ప్రైమరు కొట్టేశాను. ఫోటో తీసి అందరికీ పంపించాను. ఎంత ముచ్చటగా ఉందో.

మే 30

ఆ ఫోటో తీయకుండా ఉండాల్సింది.

చాసీ నిండా చెమటకాయల్లాంటి బుడిపెలు. గోటితో గిల్లితే రెడ్ ఆక్సైడ్ పొర లేచి, కింద తడి తడిగా నారింజ రంగు తుప్పు. మూడు వారాలకే. ప్రైమరు కల్తీ అనుకుని కొట్టువాడి మీదకి వెళ్లబోతుంటే అరుగు మీంచి నాన్నగారు ఒకటే అడిగారు.

"ఏ నీళ్లతో కడిగావురా?"

బోరు నీళ్లతో. మా బోరు నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. చిన్నప్పటి నుంచి తెలుసు, అయినా తట్టలేదు. ఒక సీసాలో పట్టుకెళ్లి రొయ్యల చెరువుల నీళ్లు చూసే ల్యాబులో ఇచ్చాను. ఉప్పు 4 పీపీటీ అన్నాడు కుర్రాడు, అంటే లీటరుకి నాలుగు గ్రాములు. సముద్రంలో 35 ఉంటుంది. "వనామీ రొయ్యకి పర్లేదండీ" అని కూడా అన్నాడు. చాసీ మీద వనామీ పెంచాలనుకుంటే మా బోరు బ్రహ్మాండంగా పనికొస్తుంది.

జరిగింది ఇదీ. ఇనుము గరుకు గుంటల్లో ఉప్పు ఉండిపోతే అది గాల్లో తేమని లాగుతుంది. పైన రంగు ఎంత మందంగా వేసినా కొంత తేమ లోపలికి దిగుతూనే ఉంటుంది. ఉప్పు ఆ తేమతో కలిసి తుప్పు పట్టిస్తుంది గాని తను మాత్రం ఖర్చవదు. కళ్లకి కనిపించే తుప్పు గీకితే సరిపోదు, కనిపించని ఉప్పు కడగాలి. కడగాలంటే మంచి నీళ్లు కావాలి. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. ఊరి మంచినీళ్ల చెరువులో ఉన్న కాస్త నీళ్లు తాగడానికి. వాటితో బండి కడుగుతానంటే ఊళ్లో నన్ను ఆ చెరువులోకే తోస్తారు.

పని ఆపేశాను.

జూన్ 17

కాలువ వచ్చింది. ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు మా దీవిలోకి రావాలంటే పి.గన్నవరం అక్విడక్టు (నది మీదుగా కాలువని దాటించే వంతెన) మీద గోదావరి వైనతేయ పాయ దాటి రావాలి. మాది శివారు, అందరి తర్వాత మాకు. మొదటి రెండు రోజులు చెత్త, గుర్రపుడెక్క, ఎర్ర నీళ్లు. మూడో రోజు మోటారు పెట్టాను.

రెడ్ ఆక్సైడ్ మొత్తం మళ్లీ గీకేశాను. కడగడం, ఆరబెట్టడం, ఒక రాత్రి ఉంచి ఎక్కడ తుప్పు మళ్లీ మొలిచిందో చూసి అక్కడే గీకి కడగడం. నాలుగు విడతలు. నాలుగో పొద్దున్న ఎక్కడా కొత్త మచ్చ లేదు. అప్పుడు ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండే రస్ట్ కన్వర్టర్ పూశాను. మూలల్లో మిగిలిన తుప్పు నల్లబడి గట్టిపడింది. ఈసారి ఎపాక్సీ ప్రైమరు. రెడ్ ఆక్సైడ్ మీద నాకు కోపమేమీ లేదు, తప్పు నాది. కానీ ఎపాక్సీ నీటిని బాగా ఆపుతుంది. ఇంకోసారి గీకే ఓపిక నాకు లేదు.

చాసీ పెట్టెలోకి పొడవాటి గొట్టంతో మైనం స్ప్రే చేశాను. అడుగు కన్నాలు ఒక్కోటి వేలు పెట్టి చూసి మరీ తెరిచి ఉంచాను.

ఫోటోలు ఎవరికీ పంపలేదు.

జులై 6

చిన్న సామాను తుప్పు వదిలించడానికి కరెంటు పద్ధతి పెట్టాం. తలుపు కీళ్లు, గొళ్లేలు, తొట్టి కొక్కేలు. ప్లాస్టిక్ డ్రమ్ములో కాలువ నీళ్లు, బకెట్టుకి రెండు మూడు చెంచాల లెక్కన బట్టల సోడా. చుట్టూ తుక్కు రేకులు దింపి వాటికి బ్యాటరీ ఛార్జరు ప్లస్, మధ్యలో తీగకి వేలాడదీసిన కీలుకి మైనస్. బుడగలు లేస్తాయి. రాత్రంతా ఉంచితే పొద్దుటికి తుప్పు నల్లటి మడ్డిలా వదిలిపోతుంది, కింద ఇనుము చెక్కుచెదరదు. తుక్కు బదులు స్టీలు గ్లాసులూ చెంచాలూ వాడకండి, స్టెయిన్‌లెస్ స్టీల్లోంచి విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. సోడా బదులు ఉప్పు అసలే వద్దు, క్లోరిన్ వస్తుంది. ఆ లేచే బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది, అందుకే డ్రమ్ము ఆరుబయట పెట్టాను. చుట్టలు కాల్చే మా బాబాయి గారిని ఆ పక్కకి రానివ్వలేదు.

రెండో రాత్రి వైర్లు తగిలించింది మేనల్లుడు. ప్లస్ మైనస్‌కి, మైనస్ ప్లస్‌కి. పొద్దున్న చూస్తే తుక్కు రేకులు తళతళ మెరుస్తున్నాయి, కుడి తలుపు పై కీలు అప్పడంలా పల్చబడింది. వాడు రోజంతా కనిపించలేదు. సాయంత్రం వచ్చి, "మావయ్యా, పనిచేస్తోందని మాత్రం రుజువైంది" అన్నాడు.

జులై 21

ఇవాళ్టి సంగతి రాయడానికే ఈ డైరీ పెట్టినట్టుంది.

తొట్టి వెనక తలుపు రంగు తీస్తున్నాను. అదొక్కటే లప్పం లేని రేకు. పైన తెలుపు, దాని కింద నీలం, దాని కింద ఇంకో తెలుపు. నీళ్లలో ముంచిన 400 నంబరు గరుకు కాగితంతో రుద్దుతుంటే నీలం కిందనుంచి పసుపు గీత ఒకటి తేలింది. తుప్పేమో అనుకున్నాను. గుండ్రంగా వంపు తిరిగింది. తలకట్టు. గ్రైండరు పక్కన పడేసి చేత్తోనే మొదలుపెట్టాను. కాగితాన్ని వేలి కొసకి చుట్టి, నాలుగు రుద్దులకోసారి తడిగుడ్డతో తుడుస్తూ. పొద్దు వాలేసరికి పై వరస వచ్చింది: 'శ్రీ లక్ష్మీనరసింహ ప్రసన్న'. అంతర్వేది స్వామి, మా వైపు సగం బండ్ల మీద ఉంటాడు. కింది వరస దీపం పెట్టుకుని తీశాను.

'తొందరొద్దు పంటు ఆగుద్ది'

నవ్వాగలేదు. నాన్నగారిని పిలిచాను. ఆయన కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నారు. చించినాడ వంతెన లేని రోజుల్లో అవతలి గట్టుకి వెళ్లాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బండ్లని గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కించాలి. వెనకొచ్చే జీపుల వాళ్లు పంటు తప్పిపోతుందని హారన్లు మోగించి చంపేసేవారట. వాళ్ల కోసం రాయించారట. రాసినాయన రాజోల్లో సినిమా బోర్డులు రాసేవాడు. కూలీగా మూడు గెలల బొండాలు తీసుకున్నాడు.

"నీలం ఎందుకు వేయించారండీ మరి?"

"వంతెన వచ్చేసింది కదరా."

అక్షరాలు అక్కడక్కడా ఎగిరిపోయాయి. 'తొం' సున్నా లేదు, 'పంటు'లో టకారం సగమే. అలాగే ఉంచి పైన క్లియర్ (రంగులేని పూత) కొడదామంటే అడుగున తుప్పు చుక్కలున్నాయి. ఎంత పాతదైనా తుప్పు తుప్పే. బటర్ పేపరు పరిచి పెన్సిల్‌తో ప్రతి అంచూ దించుకున్నాను. కొలతలు రాసుకుని, ఫోటోలు తీసి, అప్పుడు రేకు గీకాను. గీకుతున్నంతసేపూ నాన్నగారు లోపలికి వెళ్లిపోయి కూర్చున్నారు.

ఆగస్టు, సెప్టెంబరు

ఇంజను సంగతి క్లుప్తంగా. హెడ్ దించి గాస్కెట్ మార్చాం, నాజిళ్లు, పంపు కాలిబ్రేషన్‌కి ఇచ్చాం, హీటర్ ప్లగ్గులు నాలుగూ కొత్తవి, క్లచ్ ప్లేటు, రేడియేటరు సర్వీసు. సిలిండర్ల బోరు బాగానే ఉంది. మెకానిక్ గారు స్టార్ట్ చేశాక ఆయిలు పోసే ఫిల్లర్ మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టి చూసి, "ఇంకో పదేళ్లు మీదేనండీ" అన్నారు. ఇంజన్లు మా ఊళ్లో చావవు. చుట్టూ ఉన్న రేకే చచ్చిపోతుంది.

ఎడమ ముందు మడ్‌గార్డు కోసం విజయవాడ ఆటోనగర్ రెండుసార్లు వెళ్లాను. టాటామొబైల్‌కి అడిగితే నవ్వారు. ఎస్టేట్‌ది అడగమని ఒక తుక్కు కొట్టు పెద్దాయన సలహా ఇచ్చారు, మూడో సందులో దొరికింది. బోల్టు కన్నాలు ఎక్కడైనా కలవకపోతే మేస్త్రి గారు సుత్తితో ఒప్పించారు.

వైరింగు పనిలో ఒక్క సంగతి రాయాలి, పాత బండ్లున్న అందరికీ పనికొస్తుంది. హెడ్‌లైట్లు గుడ్డి దీపాల్లా ఉన్నాయంటే బల్బులు మార్చకండి. ముందు వోల్టేజి చూడండి. మా బండికి బ్యాటరీ దగ్గర 12.5 ఉంటే బల్బు దగ్గర 10.8 ఉంది. కరెంటంతా పాత స్విచ్చులోంచి, పాత సన్న వైర్లలోంచి ఈదుకుంటూ వస్తోంది. రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చులు), బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజుతో లావు వైరు. ఇప్పుడు 12.2. అవే బల్బులు, రోడ్డు మీద కప్పలు కూడా కనిపిస్తున్నాయి. మేనల్లుడు ఎల్ఈడీ బారు మాట మళ్లీ ఎత్తలేదు. రాగాలు తీసే హారన్ మాత్రం అడిగాడు. అది రూల్సు ఒప్పుకోవు, అద్దాలకి నల్ల ఫిల్ము 2012 నుంచే కుదరదు. వాడికి సీట్ల కవర్ల రంగు ఎంచుకునే అధికారం ఇచ్చాను. మెరూన్ రెగ్జిన్ ఎంచుకున్నాడు. బాగుంది, ఒప్పుకుంటున్నాను.

అక్టోబరు 27

తొట్టి అడుగుకి మళ్లీ రేకు వేయకూడదని అనుకున్నాను. అంబాజీపేట దగ్గర మండువా లోగిలి ఒకటి పడగొడుతున్నారని తెలిసి, పాత టేకు వాసాలు కొని పలకలు కోయించాను. బిగించడానికి తాళ్లరేవు వైపు పడవలు కట్టే వడ్రంగిని పిలిచాను. పలకలు సందు లేకుండా కలపమన్నాను, పడవ కట్టే చెయ్యి కదా. ఆయన నా వంక జాలిగా చూశాడు.

"పడవలోకి నీరు రాకూడదండీ. దీన్లోంచి పోవాలి."

చిటికెన వేలు దూరేంత సందులు పెట్టి, పలకకీ ఇనుముకీ మధ్య రబ్బరు పట్టీలు వేసి బిగించాడు. పైనుంచి బకెట్టు నీళ్లు పోస్తే నేల మీద చారలు చారలుగా పడ్డాయి.

డిసెంబరు 8

రంగు. తుఫాన్ల నెల దాటేదాకా ఆగాం. గాల్లో తేమ ఉంటే రంగు పాలు కలిపినట్టు మసకబారుతుంది. రంగు ఏదన్న చర్చ లేదు, ఆర్‌సీలో తెలుపు ఉంది కాబట్టి తెలుపే. మార్చాలంటే ఆర్‌సీలో ఎక్కించాలి, ఆ తిరుగుడు నా వల్ల కాదు. పీయూ (పాలీయురేథేన్) రంగు, పొద్దున్న మంచు విడిచాక పదకొండు నుంచి మూడు లోపే గన్ను పట్టడం. పెయింటరు గారు మూతికి రుమాలు కట్టుకుని దిగబోతే ఆపాను. ఆ రంగులో కలిపే గట్టిపరిచే మందులో ఐసోసైనేట్ ఉంటుంది, ఊపిరితిత్తులకి మంచిది కాదు. కార్ట్రిడ్జ్ మాస్కు కొనిచ్చాను. "ముప్పై ఏళ్లనుంచి రుమాలేనండీ" అంటూనే పెట్టుకున్నారు, ముప్పై ఏళ్ల దగ్గు దగ్గుతూ.

వెనక తలుపు రాసింది మాత్రం వేరే ఆయన. ఫ్లెక్సీలు వచ్చాక బ్రష్షు మానేసి కిరాణా పెట్టుకున్న పాత బోర్డు ఆర్టిస్టు. బటర్ పేపరు మీద అక్షరాలు చూసి, "ఇది మా గురువు గారి చెయ్యి" అన్నాడు. ఎలా తెలిసిందంటే, 'ద్ది' ఒత్తు తోక చూపించాడు. చేప తోకలా రెండుగా చీలి ఉంది. దించినప్పుడు నేను గమనించనే లేదు. మూడు గంటలు పట్టింది. కూలీ డబ్బులే తీసుకున్నాడు, బొండాలు వద్దన్నాడు. సుగరట.

కనుమ

ఎఫ్‌సీ అయింది, ముందు తెల్ల స్టిక్కరు, పక్కల పసుపు, వెనక ఎరుపు అన్నీ అంటించాం. పొద్దున్నే బయల్దేరాం. నాన్నగారు ముందు సీట్లో ఇస్త్రీ పంచె, వెనక పలకల మీద గడ్డి పరుచుకుని మేనల్లుడి బృందం. అక్విడక్టు దాటేటప్పుడు నాన్నగారు కాలువ వైపే చూస్తూ, "ఈ నీళ్లేనా?" అన్నారు. ఇవేనండీ అన్నాను.

జగ్గన్నతోటలో జనం వరద. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన కట్టడాలు, భుజాల మీద వస్తాయి. గంగలకుర్రు అగ్రహారం వాళ్లు మెడలోతు నీళ్లలో కౌశిక దాటించే దృశ్యం కోసం అందరూ గట్టెక్కుతారు. అలాంటి చోట మా బండిని ఎవరు చూస్తారు? తోటకి చాలా దూరంలోనే పోలీసులు ఆపేశారు. కొబ్బరి చెట్టు కింద, నాలుగు వందల బైకుల మధ్య పెట్టాను. తిరిగొచ్చేసరికి వెనక తలుపు దగ్గర ఐదారుగురు. చదివి నవ్వుతున్నారు, సెల్ఫీలు దిగుతున్నారు. ముందు వైపు మెరుపు, మెరూన్ సీట్లు ఎవరికీ పట్టలేదు. నేను చచ్చీ చెడీ చేసిన చాసీ చూడటానికి ఒక్కడూ వంగలేదు.

వంగినాయన ఒక్కరే, తలపాగా పెద్దాయన. చాసీ చూడలేదు, కమాన్లు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) లెక్కపెట్టారు.

"ఎన్ని కాయలు లాగుద్దండీ?"

తీర్థానికి తెచ్చానండీ, కిరాయికి కాదు అనబోయాను. ఈలోగా నాన్నగారు కిటికీలోంచి, "రేపు ఎన్నింటికి రమ్మంటారు?" అనేశారు.

జనవరి 17

అంబాజీపేట మార్కెట్‌కి రెండు ట్రిప్పులు. మొదటి ట్రిప్పులోనే కాయలు ఎగరేసేవాడి గురి తప్పి కుడి పక్క రేకుకి చిన్న సొట్ట, జానెడు గీత. గీతలో ప్రైమరు కనిపిస్తోంది, ఇనుము తేలలేదు. సాయంత్రం కాలువ నీళ్లతో కడిగి టచప్ వేశాను. కిరాయి నాన్నగారు తీసుకున్నారు.